సోమవారం పాలపీక

1979 ఏప్రిల్ 16, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆరోగ్య కేంద్రం జీపు మా సబ్ సెంటరు ముందు ఆగింది. ఒక గర్భిణి నాడి చూస్తూ చేతి గడియారం మీదే కళ్ళు పెట్టి ఉన్నాను కాబట్టి ఆ సమయంలో పొరపాటు లేదు. నా పొరపాటు వేరే ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలు చదివితే చాలు.

అప్పటికి నేను నర్సుగా చేరి ఎనిమిదేళ్ళ రెండు నెలలు. ధర్మవరానికి పది మైళ్ళ అవతల ఒక మగ్గాల ఊరు, దాని చుట్టూ నాలుగు పల్లెలు నా కింద ఉండేవి. ఊళ్ళో గడపలు ఎన్ని అని పైవాళ్ళు అడిగితే గడపలతో పాటు మగ్గాలు కూడా లెక్కపెట్టి రాసి పంపిన మనిషిని. నూట పన్నెండు మగ్గాలు. నా తోటి నర్సులు వెనకాల నన్ను తక్కెడమ్మ అనుకునేవారని నాకు తెలుసు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

జీపులోంచి డాక్టరుగారు ఒక అట్టపెట్టె దింపించారు. ఆయన కోస్తా నుంచి వచ్చినవాడు, ముప్పై దాటలేదు. ఎండకు ముఖం కమిలిపోయి ఉండేది. మంచివాడు. ఆ మాట ఇప్పుడూ అంటాను.

పెట్టెలో పాలసీసాలు. ఎవరో దాతల సంఘంవాళ్ళు మచ్చుకు మూడు రకాలు పంపారట. వాటితో పాటు పాలపొడి డబ్బాలు పన్నెండు. ఆ ఏడు వేరుశనగ పూర్తిగా పోయింది. చిత్రావతిలో ఇసుక తప్ప ఏమీ లేదు. పచ్చిబాలింతలు కూడా కూలికి పోతున్నారు. మగ్గాల ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటేదాకా లేవడం లేదు. ఇంట్లో పసిపిల్లలకు ముసలివాళ్ళు గంజినీళ్ళు, కలకండ నీళ్ళు పోస్తున్నారు.

డాక్టరుగారు పెట్టె మీద చెయ్యి పెట్టి ఇలా అన్నారు.

"సిస్టర్, తల్లిపాలు మాన్పించే సీసా మనకొద్దు. తల్లి లేని నాలుగు గంటలూ బిడ్డను నిలబెట్టి, తల్లి రాగానే మళ్ళీ తల్లికి అప్పజెప్పే సీసా కావాలి. ఈ మూడింట్లో అలాంటిది ఉందేమో చూడండి. మీరు ఏది బాగుందంటే అదే అన్ని సబ్ సెంటర్లకీ తెప్పిస్తాను."

"నేనే ఎందుకు సార్?"

"మీరు లెక్క తప్పరు కదా."

ఆ మాటకు నేను పొంగిపోయాను. పొంగిపోయినట్టు కనపడనివ్వలేదు, అంతే.

మూడు రకాలూ ఎలా ఉండేవో చెప్పాలి. మొదటిది పడవ ఆకారంలో గాజు సీసా, రెండు పక్కలా మూతి. రెండోది పొడుగు గాజు సీసా, దానికి ఎర్ర రబ్బరు పాలపీక. మూడోది వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ సీసా. దాని పాలపీక పొట్టిగా, మెత్తగా, అడుగున వెడల్పుగా రొమ్ము ఆకారంలోనే ఉండేది. కొనన రంధ్రం సూదిమొన కన్నా సన్నం. ఆ రకంలో ప్రతి సీసాకూ రెండేసి పాలపీకలు ఇచ్చారు. రెండు ఉన్నాయన్న ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

బుధవారం మధ్యాహ్నం పరీక్షకు కూర్చున్నాను. నీళ్ళు మరిగించి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి, మూడు సీసాల్లో నాలుగేసి ఔన్సులు పోశాను. ఒక్కొక్కటి తలకిందులు చేసి కొయ్యకు కట్టి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టాను. పడవ సీసా నుంచి ధారే. లెక్కే లేదు. ఎర్ర రబ్బరుది నిమిషానికి ఎనభై ఆరు చుక్కలు. మూడోది పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను, పద్నాలుగే. బిడ్డ దవడ ఆడించి పీలిస్తే తప్ప పాలు రావు. రొమ్ములోంచి కూడా అంతే కదా. శ్రమపడి తాగే అలవాటు తప్పకపోతే బిడ్డ తల్లిని మరిచిపోదు. ఇది నా ఆలోచన. ఈ ఆలోచనలో తప్పేముందో నలభై ఏళ్ళకు పైగా వెతికాను. ఆలోచనలో లేదు.

ఊరి మంత్రసాని గడప మీద కూర్చుని ఆకు నములుతూ ఇదంతా చూస్తూ ఉంది. నేను రాకముందు ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళంతా ఆమె చేతుల్లోకే వచ్చారు. నేను వచ్చిన తరువాత ఆమె నాకు తోడుగా వచ్చేది. మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం ఉండేది, కానీ బయటికి తిట్టుకునేవాళ్ళం.

"ఏం జేస్తాండావు నర్సమ్మా?"

"చుక్కలు లెక్కబెడతాండా అవ్వా. నడుమ మాట్లాడద్దు."

ఆమె కాసేపు ఊరుకుంది. ఆమెకు కాసేపంటే నా గడియారంలో రెండు నిమిషాలు.

"బిడ్డలు తాగేది నీళ్ళా, పాలపొడా?"

"నీళ్ళైనా పాలైనా చుక్క చుక్కే."

"యాడైనా ఒకటే అయితాదా? ఆ పొడి రెండు చెంచాలు కలిపి సూడరాదా."

"ఆ పొడి బిడ్డలకని లెక్కబెట్టి ఇచ్చినారు. నేను ఆటలాడుకునేదానికి కాదు."

"నువ్వు ఆడతాండేది ఆటని నేను అన్ల్యా. నువ్వే అంటివి."

అని నవ్వింది. తరువాత లేచి వచ్చి మూడో సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మా కాలంలో ఉగ్గుగిన్నె ఉండె. తల్లి పనికి పొయ్యేముందు పాలు పిండి పెట్టిపోతే, ముసల్ది ఆ గిన్నెతో పోస్తాండె. దాంట్లో ఏలు పెడితే అడుగు తగుల్తాది, తుడిస్తే పోతాది. దీంట్లో ఏం బెట్టి కడుగుతారు?"

"బ్రష్షు ఇచ్చినారు."

"ఎన్ని?"

"మూడు సీసాలకు ఒకటి."

"అయితే వీధికొక బ్రష్షు," అంది. "మంచిదేలే. అందరూ ఒక్కటైతారు."

ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నది ఇది: మూడవ రకం, పద్నాలుగు చుక్కలు, సిఫారసు చేయదగినది. గురువారం ఇంకోసారి పరీక్ష పెట్టి, అదే అంకె వస్తే సంతకం చేసి పంపాను. పాలపొడి డబ్బా మూత తీయలేదు.

ఏప్రిల్ 23, సోమవారం. మూడో రకం సీసాలు పద్నాలుగు వచ్చాయి. ఆరు నెలల లోపు బిడ్డ ఉండి పనికి పోక తప్పని తల్లులు మా ఊళ్ళో సరిగ్గా పద్నాలుగు మంది. ప్రతి ఒక్కరికీ మూడు మూడుసార్లు చెప్పాను. పొద్దున లేచినాక, పనికి పోయే ముందు, పని నుంచి రాగానే, రాత్రంతా రొమ్మే ఇవ్వాలి. నడుమ రెండుసార్లు మాత్రమే సీసా. ప్రతి సోమవారం బిడ్డనూ సీసానూ తీసుకుని నా దగ్గరికి రావాలి. కాటాలో బిడ్డ బరువు చూస్తాను, సీసా వాసన చూస్తాను, పాలపీక చూస్తాను. మురికి కనపడితే సీసా తిరిగి తీసుకుంటాను. ఈ చివరి మాట గట్టిగా చెప్పాను. అలా చెప్పినందుకు అప్పుడు గర్వపడ్డాను.

ఆ పద్నాలుగు మందిలో ఒకామెకు పంతొమ్మిదేళ్ళు. మొదటి కాన్పు, ఆడపిల్ల. మార్చి 12న నా చేతుల్లోనే పుట్టింది. రెండు కిలోల ఆరు వందలు. ఆ అమ్మాయి పని అచ్చులు అతకడం. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. వేళ్ళకు సన్నని బూడిద అద్దుకుని మెలిపెడతారు. పట్టుచీర అంటే నాలుగు వేలకు పైగా పోగులు. కూర్చున్న మనిషి నడుమ లేవకూడదని వాళ్ళ కట్టడి. ఒక్క పోగు వరస తప్పితే చీర పొడుగునా గీత పడుతుంది. ఆ అమ్మాయి వేళ్ళు ఎంత వేగమంటే, అతుకుతుంటే పోగు కనపడేది కాదు, వేళ్ళ కదలికే కనపడేది. ఊళ్ళో సగం మగ్గాలకు ఆమెనే పిలిచేవాళ్ళు. రానంటే ఇంకొకరిని పిలుస్తారు. ఆ ఏడు పని కోసం ఇంకొకరు ఎప్పుడూ గడపలోనే నిలబడి ఉండేవాళ్ళు.

బిడ్డను అత్త చూసుకునేది. ఆమెకు మాట కరుకు, కానీ మనవరాలంటే ప్రాణం. మొదటి సోమవారం నా ముందు కూర్చుని ఇలా అంది.

"నర్సమ్మా, నీ సీసా మా కోడలి కన్నా నయం. పిలిస్తే పలుకుతాది."

కోడలు తల వంచుకుని నవ్వింది. బిడ్డ కాటా జోలెలో కాళ్ళు ఆడించింది. మూడు కిలోల ఏడు వందలు.

వారం వారం అంకెలు బాగున్నాయి. జూన్ 4న నాలుగు కిలోల ఎనిమిది వందలు. జూన్ 25న అయిదు కిలోల రెండు వందలు. మిగిలినవాళ్ళ బరువులూ పెరిగాయి. సీసాలు శుభ్రంగా వచ్చేవి. పాలపీకలు కొత్తవాటిలా మెరుస్తూ ఉండేవి. రెండు నెలలు వాడిన రబ్బరు అంత మెరుస్తుందా అన్న ప్రశ్న నాకు రావలసింది. రాలేదు. నా క్రమశిక్షణ ఫలితం అనుకున్నాను. ఇంకొకటి కూడా చూశాను. సోమవారాల్లో నా వరండాలో ఆ సీసా నోట్లో పెడితే బిడ్డలు వెనక్కి విరుచుకుని ఏడ్చేవాళ్ళు. కాటా అంటే భయం అనుకున్నాను. పుస్తకంలో అలాగే రాశాను.

జూన్ 27న డాక్టరుగారికి రిపోర్టు పంపాను. పద్నాలుగు మంది బిడ్డలు, తొమ్మిది వారాల బరువులు, రెండు పేజీలు. ఆయన దాని మీద ఎర్రసిరాతో ఒక మాట రాసి నాకు చూపించారు. "శ్రేష్ఠం." తరువాత దాతల సంఘానికి ఉత్తరం రాశారు. అదే రకం మూడు వందల సీసాలు కావాలి అని.

జూలై మొదటి వారంలో రావలసిన పాలపొడి రాలేదు. రెండో వారంలో రాలేదు. నేను పెద్దగా కంగారుపడలేదు. రొమ్ము ఉంది కదా అనుకున్నాను. ఆ సీసా ఎంపిక చేసిందే అందుకు కదా.

జూలై 9న అయిదు కిలోలు. 16న నాలుగు కిలోల ఎనిమిది వందలు. 23న ఆ అమ్మాయి రాలేదు. పెద్ద మగ్గానికి అచ్చు అతకడానికి పోయిందని అత్త కబురు పంపింది. ఆ కబురుతో నేను ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం రిజిస్టర్ల తనిఖీ ఉంది. నా రిజిస్టర్లలో తప్పు ఉండకూడదు. నాలుగు వీధుల అవతల ఉన్న ఇల్లు. నడిస్తే ఆరు నిమిషాలు. తరువాత నడిచి చూశాను కాబట్టి తెలుసు.

జూలై 30, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. అత్తా కోడలూ ఇద్దరూ వచ్చారు. బిడ్డను గుడ్డలో చుట్టి ఉన్నారు. కాటాలో వేస్తే నాలుగు కిలోల నూరు గ్రాములు. కళ్ళు లోపలికి పోయాయి. నడినెత్తి గుంట పడింది. చర్మం పట్టి వదిలితే మడత మడతగానే నిలిచింది.

"ఎన్నాళ్ళ నుంచి విరేచనాలు?"

"నాలుగు దినాలు," అంది అత్త.

"పాలు ఇయ్యి," అన్నాను ఆ అమ్మాయితో. "ఇప్పుడే, నా ఎదురుగా."

ఆమె బిడ్డను రొమ్ముకు పెట్టుకుంది. బిడ్డ ఒకసారి నోట పట్టి వదిలేసి తల తిప్పుకుంది. మళ్ళీ పెడితే మళ్ళీ తిప్పుకుంది. నేను చేత్తో పిండి చూశాను. ఒక్క చుక్క లేదు.

"ఎప్పటి నుంచి లేవు?"

ఆ అమ్మాయి నా వైపు చూడకుండా చెప్పింది. "నెల దాటింది నర్సమ్మా. పట్టదు. పెడితే అరుస్తాది. సీసా అయితే గటగటా తాగుతాది."

"ఆ సీసా గటగటా రాదు," అన్నాను. "నేను చూసినా. పద్నాలుగు చుక్కలు."

వాళ్ళు తెచ్చిన సీసా తీసుకుని తలకిందులు చేశాను. పాలపీక మెరుస్తూ ఉంది. చుక్కలు ఒకటొకటే పడ్డాయి. మళ్ళీ ఆ అమ్మాయి ముఖం చూశాను. ఆమె కొంగు ముడి విప్పింది. అందులోంచి ఇంకో పాలపీక తీసి నా చేతిలో పెట్టింది. అది పసుపుపచ్చగా మారి జిగటగా ఉంది. కొనన రంధ్రం జొన్నగింజ పట్టేంత ఉంది.

"ఇదేంది?"

"ఇది రోజూ పెట్టేది," అంది. "అది సోమవారంది."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఎంతో చెప్పలేను. గడియారం చూడలేదు.

అత్త అప్పుడు మాట్లాడింది. దాచడానికి ఇక ఏమీ లేదన్నట్టు మాట్లాడింది.

"నేనే పొడిసినా. సూది కాల్చి. మొదటి దినమే ఆ పొడి కలిపి పెడితే గడ్డలు అడ్డం పడి చుక్క రాలేదు. బిడ్డ పీల్చి పీల్చి చెమటలు కక్కె. ఆకలితో అల్లాడతాంటే నీ చుక్కలు లెక్కబెట్టుకుంటా కూసోల్లనా నర్సమ్మా? ఒకసారి పొడిస్తే బాగొచ్చె. మళ్ళా కొంచెం పొడిస్తి."

"నాకెందుకు చెప్పలేదు?"

"సీసా పెరుక్కుంటావని."

"పెరుక్కుంటానని ఎవరన్నారు?"

"నువ్వే అంటివి. మూడుసార్లు అంటివి."

వరండాలో ఇంకో అయిదుగురు తల్లులు బిడ్డలతో కూర్చుని ఉన్నారు. నేను వాళ్ళ వైపు తిరిగాను. ఒక్కొక్కరుగా కొంగు ముడులు విప్పారు. సాయంత్రంలోగా మిగిలిన ఎనిమిది ఇళ్ళకూ పోయి చూశాను. పద్నాలుగింటిలో పదకొండు పొడిచినవే. అందరి దగ్గరా సోమవారం పాలపీక వేరే ఉంది. దాన్ని కాగితంలో చుట్టి దేవుడి గూట్లో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఊరంతటికీ తెలుసు. నాకు ఒక్కదానికే తెలియదు.

ఆ పూటే సబ్ సెంటరులో పాలపొడి డబ్బా అడుగున మిగిలినది రెండు చెంచాలు తీసి గోరువెచ్చని నీళ్ళలో కలిపి, సోమవారం పాలపీకలోంచి తలకిందులు చేశాను. ఏప్రిల్‌లో చేయవలసిన పరీక్ష. మొదటి నిమిషంలో ఆరు చుక్కలు. రెండో నిమిషంలో ఒకటి. మూడో నిమిషంలో సున్నా.

పొడి రానప్పుడు వాళ్ళు ఏం చేశారో కూడా ఆ రోజే తెలిసింది. డబ్బా అడుగున మిగిలినదాన్ని పది రోజులు సాగదీశారు. నాలుగు చెంచాలకు బదులు రెండు, రెండుకు బదులు ఒకటి. చిత్రావతి ఇసుకలో చెలమ తవ్వి తెచ్చిన నీళ్ళు. వంటచెరుకు లేక కాచని నీళ్ళు. నీళ్ళకు కాస్త తెల్లరంగు వస్తే చాలు, పాలు అనుకున్నారు. నేను ఆ నీళ్ళు తాగినదాన్నే. అయితే నేను కాచుకుని తాగాను.

ఆ ఇళ్ళకు బయలుదేరక ముందే మంత్రసానిని పిలిపించాను. ఆమె వచ్చి బిడ్డను చూసి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తన ఇంటికి పోయి ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె తెచ్చింది. చింతపండుతో తోమి ఉంది. ఉప్పూ చక్కెరా కలిపిన కాచిన నీళ్ళు దానితో కొద్దికొద్దిగా పోశాం. అయిదు నిమిషాలకొకసారి. బిడ్డ మింగింది. సాయంత్రానికి రెండుసార్లు మూత్రం పోసింది. నేను ఆ రెండు రాసుకున్నాను.

"పాలు తిరిగి వస్తాయా అవ్వా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"బిడ్డ పట్టుకుంటే వస్తాయి. పట్టకపోయినా పెడతానే ఉండు. వదలద్దు. యాడికీ పోవద్దు."

"అచ్చు సగంలో ఉండాది."

"ఉండనీ," అంది అత్త. "నేను పోయి చెప్తా. చీరకు గీత పడితే పడనీ."

నాకు తెలిసి మొదటిసారి ఆ ఊళ్ళో అచ్చు సగంలో ఆగింది. మంగళ, బుధ, గురువారాలు ఆ అమ్మాయి మా వరండాలోనే గోడకు ఆనుకుని కూర్చుని బిడ్డను రొమ్ముకు పెడుతూనే ఉంది. మంత్రసాని ఉగ్గుగిన్నె అంచు రొమ్ము పక్కన పెట్టి, బిడ్డ పట్టినప్పుడల్లా ఒక చుక్క వదిలేది, పీలిస్తే వస్తుందని బిడ్డ నమ్మాలని. గురువారం సాయంత్రం నాలుగున్నరకు బిడ్డ పదకొండు గుక్కలు వరసగా పీల్చింది. రొమ్ములో ఏమీ లేకపోయినా పీల్చింది. అత్త నా వైపు చూసి, "రాసుకో నర్సమ్మా, పదకొండు," అంది. అందరం నవ్వాం. నాలుగు రోజుల్లో నవ్విన నవ్వు అదొక్కటే.

శుక్రవారం తెల్లవారేసరికి విరేచనాలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి నీళ్ళు లోపల నిలవలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. జీపు కోసం మనిషిని పంపితే అది మరమ్మతుకు పోయిందని తిరిగి వచ్చాడు. బస్సు పన్నెండుంపావుకు. అది ఒంటిగంట ముప్పావుకు వచ్చింది. రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో నిలబడి ఉన్నాం. నేను బిడ్డ మణికట్టు పట్టుకుని ఉన్నాను. బస్సు దుమ్ము దూరంగా కనపడుతుండగానే నా వేలి కింద నాడి ఆగింది. ఒంటిగంట నలభై ఒకటి. నేను చెప్పలేదు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు, "ఎక్కల్లమ్మా, ఎక్కల్ల," అంటున్నాడు. అత్త ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు చెప్పాను.

ఆ అమ్మాయి ఏడవలేదు. బిడ్డను తీసుకుని రొమ్ముకు పెట్టుకుంది. మంత్రసాని వదలొద్దని చెప్పింది కదా. ఇల్లు చేరేదాకా అలాగే పెట్టుకుని నడిచింది. మేము వెనక నడిచాం.

ఆదివారం పొద్దున మంత్రసాని నా దగ్గరికి వచ్చి గడప మీద కూర్చుంది. ఆకు వేసుకోలేదు.

"ఆ పిల్ల రవిక తడిసింది," అంది.

నాకు అర్థమైంది. అయినా అడిగాను. "ఏమంటావు?"

"పాలొచ్చినాయి. రెండు పక్కలా. ఏం జేయల్ల నర్సమ్మా? చెప్పు. కట్టు కట్టల్లనా, పిండి పారబోయల్లనా?"

మా పుస్తకాల్లో దానికి జవాబు ఉంది. చెప్పాను. గుడ్డ బిగించి కట్టమన్నాను. నొప్పి ఎక్కువైతే కొద్దిగా పిండమన్నాను. వారంలో ఆగిపోతాయన్నాను. సరిగ్గా ఎనిమిది రోజులకు ఆగిపోయాయి.

ఆగస్టు 13, సోమవారం. జీపు మరమ్మతు అయి వచ్చింది. అందులో మూడు వందల సీసాలు. డాక్టరుగారు దిగకముందే నేను ఎదురుపోయి మొత్తం చెప్పాను. తారీకులతో, బరువులతో, చుక్కలతో చెప్పాను. ఉగ్గుగిన్నె సంగతి చెప్పాను. పొడిచిన పాలపీకలు పదకొండు బల్ల మీద పరిచి చూపించాను. ఆయన చాలాసేపు వాటినే చూశారు.

"ఇవి వెనక్కి పంపాలంటే కారణం రాయాలి సిస్టర్."

"నేను రాసిస్తాను సార్."

"ఏమని రాస్తారు? జూన్ 27 నాటి రిపోర్టు తప్పనా? దాని మీద నేను రాసినదాన్ని చూసే కదా వాళ్ళు ఇన్ని పంపారు."

"తప్పనే రాస్తాను."

"ఆ బరువులు తప్పా?"

"బరువులు తప్పు కాదు సార్."

"మరి?"

బరువులు నిజంగానే పెరిగాయి. ఆ బిడ్డ అయిదు కిలోల రెండు వందలు తూగిన మాట నిజం. నా అంకెల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. ఆ నిజమైన అంకెల మీదే ఆ మూడు వందల సీసాలు కదిలి వచ్చాయి. నేను రెండు పేజీల ఉత్తరం రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. నా వాటా ఇరవై నాలుగు సీసాలు దింపించుకోనన్నాను. "సరే, మీకు వద్దు," అన్నారు. జీపు మిగిలిన సబ్ సెంటర్ల వైపు పోయింది. ఆ ఉత్తరం ఎక్కడికి చేరిందో నాకు తెలియదు. మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. పోయేముందు నా దగ్గరికి వచ్చి కూర్చుని, టీ తాగి, సీసాల మాట ఎత్తకుండా పోయారు.

నేను మా ఊళ్ళో సీసాలన్నీ తిరిగి తీసుకున్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. మంత్రసానీ నేనూ ఇల్లిల్లూ తిరిగి అటకల మీద ఉన్న ఉగ్గుగిన్నెలు దింపించి తోమించాం. తొమ్మిది దొరికాయి. పాలు పిండి పెట్టి పోవడం నేర్పించాం. నేర్పించాం అని రాస్తున్నాను కానీ, ముసలివాళ్ళకు అది ముందే తెలుసు. మేము గుర్తు చేశాం, అంతే. పాలు ఎండిపోయినవాళ్ళకు అది ఎలాగూ పనికిరాలేదు.

అత్త ఆ తరువాత నన్ను ఎప్పుడూ నిందించలేదు. తనను తాను నిందించుకునేది. నీళ్ళకు పోతూ దారిలో కనపడితే, "సూది పెద్దదై పాయ నర్సమ్మా," అనేది. సన్నసూది అయినా అంతే అయ్యేదని నేను ఎన్నోసార్లు చెప్పాను. నా పరీక్ష సంగతి కూడా చెప్పాను. ఆమె నమ్మలేదు. చదువుకున్నమ్మ తప్పు చేసిందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. 1986లో ఆమె పోయేదాకా ఆ తప్పు తనదే అనుకుంది. ఆ అమ్మాయి మళ్ళీ అచ్చులు అతకడానికి పోయింది. ఆ తరువాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. వాళ్ళు బతికారు. నా ముందు ఎప్పుడూ వాళ్ళకు పాలిచ్చేది కాదు. నేను పోతే కొంగు కప్పుకుని పక్కకు తిరిగేది.

నేను 2003లో రిటైరయ్యాను. లెక్క ఇంకా నా దగ్గరే ఉంది. అప్పజెప్పడానికి ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇచ్చిన సీసాలు పద్నాలుగు. పొడిచినవి పదకొండు. పాలు ఎండిపోయిన తల్లులు ఎనిమిది మంది. చనిపోయిన బిడ్డలు ఇద్దరు: అచ్చులు అతికే అమ్మాయి కూతురు, నూట నలభై నాలుగు రోజులు, సెప్టెంబరులో ఇంకో ఇంట్లో ఒక మగబిడ్డ, అయిదు నెలలు. తల్లి రొమ్ముకు ఆలస్యంగా వచ్చి, గుడ్డ కట్టి ఎండగట్టిన పాలు ఎనిమిది రోజులవి. నేను పోకుండా ఊరుకున్న దారి ఆరు నిమిషాలు. మిగిలిన సబ్ సెంటర్లకు పోయిన సీసాలు మూడు వందలకు నా వాటా తీసివేయగా రెండు వందల డెబ్బై ఆరు. వాటి వల్ల ఏం జరిగిందో ఎవరూ లెక్క తీయలేదు. ఆ గడి ఖాళీ.

పరీక్ష నాడు నేను ఖర్చు కాకుండా కాపాడిన పాలపొడి రెండు చెంచాలు.